సెల్లారు గది నుంచి ఈశ్వరి: ఒక బొమ్మల నవల ప్రాజెక్టు డైరీ

మే, చివరి వారం

పిల్లల కోసం తయారుచేస్తున్న బొమ్మల నవల స్క్రిప్టు దశ దాటి పేజీల లేఅవుట్ దశకు చేరింది కనుక, పని సాగే తీరును ఇక్కడ నమోదు చేయడం మొదలుపెడుతున్నాను. కథ, బొమ్మలు రెండూ నావే. రంగులలోను, అక్షరాల కూర్పులోను ఒక యువ చిత్రకారిణి నాకు తోడుగా ఉంది. కథానాయిక ఈశ్వరికి పదేళ్లు. అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊరిలో పుట్టింది. చింతచెట్టు చిటారుకొమ్మ దాకా ఎక్కడం, బావిలో దూకడం, మేకల వెంట గుట్ట మీదికి వెళ్లి పొద్దుగూకేలోగా ఒంటరిగా తిరిగి రావడం ఆమెకు రోజూ చేసే పనులు. తండ్రికి ఖాజాగూడ దగ్గర ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని దొరకడంతో కుటుంబం హైదరాబాదుకు వచ్చి, సెల్లారులో కార్ల పక్కన ఉన్న ఒంటి గదిలో దిగుతుంది. పాలమూరు నుంచి నగరానికి బతుకుదెరువు కోసం రావడం ఎవరికీ కొత్త సంగతి కాదు. ఈ ఊరి భవనాలకు ఇటుకలు మోసినవారిలో, గేట్ల దగ్గర కాపలా కాస్తున్నవారిలో ఎంతమంది పాలమూరు వారో ఇక్కడ ఉండేవారందరికీ తెలుసు. అయినా సెల్లారు గదిలో పెరిగే పిల్ల మన పిల్లల పుస్తకాలలో నాయికగా కనిపించడం అరుదు.

కథకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఈశ్వరి నగరానికి అలవాటు పడాలి గాని, అందుకోసం తన సాహసాన్ని వదులుకోకూడదు. ఊరి నుంచి వచ్చిన పిల్ల మొదట అల్లరి చేసి, తర్వాత దెబ్బ తిని, ఆపైన బుద్ధి తెచ్చుకుని, చివరి పేజీలో ఇస్త్రీ యూనిఫాంతో నవ్వుతూ బడికి వెళ్లే కథలు మనకు చాలినన్ని ఉన్నాయి. ఈ పిల్ల ఊళ్లో నేర్చిన విద్యలతోనే, అంటే ఎక్కడం, దిగడం, నీటి చప్పుడును బట్టి లోతు పట్టడం, మబ్బును చూసి వాన సమయం చెప్పడం వంటివాటితోనే, నగరాన్ని తెలుసుకుంటుంది. ఇకపై తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ, అది రంగుకు సంబంధించినదైనా, ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) వెడల్పుకు సంబంధించినదైనా, ఈ నియమంతోనే సరిచూసుకుంటాను.

పుస్తకం సైజు క్రౌన్ 1/4గా ఖాయం చేశాను. ప్రెస్సులో 16 పేజీలు ఒక ఫారం కనుక ఆరు ఫారాలకు 96 పేజీలు వస్తాయి. కథను అంతకు మించనివ్వకూడదు. పాఠకుడు కాగితం తిప్పగానే మొదట కంటపడేది ఎడమవైపున ఉండే సరిసంఖ్య పేజీ. అందువల్ల ఆశ్చర్యపడవలసిన ప్రతి దృశ్యాన్నీ సరిసంఖ్య పేజీకే జరిపి, దానికి ముందరి బేసి పేజీ చివరి ప్యానెల్‌లో ఈశ్వరి దేనినో చూస్తున్నట్టు మాత్రమే గీస్తున్నాను. ఈ ఒక్క కట్టుబాటు వల్ల స్క్రిప్టులో సగం సన్నివేశాలు స్థానం మారాయి.

జూన్, మొదటి వారం

రంగుల పట్టిక మీద చాలా చర్చ జరిగింది. పల్లె పచ్చగాను, పట్నం బూడిదరంగులోను ఉండాలన్నది బొమ్మలు వేసేవారికి అలవాటుగా వచ్చే ఆలోచన. నా సహాయకురాలు కూడా మొదట ఆ పద్ధతిలోనే నమూనాలు వేసి తెచ్చింది. అయితే ఈ కుటుంబం నగరానికి వచ్చేది బడి సెలవుల్లో, అంటే మే నెలలో. నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలంలో చాలా చెట్లు మోడువారి, గుట్టలన్నీ మట్టిరంగులో, రాతిరంగులో కనిపిస్తాయి. సరిగ్గా అదే సమయంలో హైదరాబాదు వీధుల్లో తురాయి చెట్లు ఎర్రగా విరగబూసి ఉంటాయి. రేల పూలు పసుపు గుత్తులుగా వేలాడుతుంటాయి. కాబట్టి వాస్తవం ప్రకారం పల్లె పేజీలే గోధుమరంగులో ఉండాలి, నగరం పేజీలే ఎరుపు, పసుపులతో నిండాలి. "అక్కా, అప్పుడు పిల్ల ఊరి మీద బెంగ పెట్టుకున్నదని ఎట్లా తెలుస్తుంది?" అని ఆమె అడిగింది. బెంగకు రంగు అవసరం లేదని నా ఉద్దేశం. తురాయి చెట్టు కింద నిలబడి, పైకి చూసి, కొమ్మలు ఎక్కడానికి వీలుగా ఉన్నాయా లేవా అని ఈశ్వరి లెక్క వేస్తున్నట్టు గీస్తే, ఆమె మనసు ఎక్కడుందో చదివే పిల్లలకు దానంతట అదే అర్థమవుతుంది.

జూన్, రెండో వారం

ఈ వారమంతా ప్రయాణం పేజీల పని. శ్రీశైలం రోడ్డు మీద డిండి, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా వచ్చే బస్సు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆగుతుంది. మూసీ పాయల మధ్య కట్టిన ఈ బస్ స్టేషన్‌ను పాతవారు ఇప్పటికీ ఇమ్లీబన్ అనే పిలుస్తారు. ఈశ్వరి నగరంలో మొట్టమొదట చూసేది ఎత్తయిన భవనాలను కాదు. వంతెన కింద ఉన్న నదిని. ఊళ్లో వాగు దగ్గర చేసినట్టే ఆమె రాయి విసిరి, చప్పుడు వినడానికి చెవి ఒగ్గుతుంది. ట్రాఫిక్ మోతలో ఆ చప్పుడు వినిపించదు. ఆ ప్యానెల్‌లో మాటల బెలూన్ లేదు, ధ్వని అక్షరాలూ లేవు.

అక్కడి నుంచి మెట్రో. అమీర్‌పేటలో మియాపూర్–ఎల్బీ నగర్ మార్గం, నాగోల్–రాయదుర్గం మార్గం ఒకదానిపై ఒకటిగా కలుస్తాయి కనుక అక్కడ రైలు మారాలి. ఆ స్టేషన్‌ను నిలువునా కోసినట్టు ఒకే పొడవాటి ప్యానెల్‌లో చూపించాను: కింద రోడ్డు మీద ఆటోలు, దానిపైన టికెట్ల అంతస్తు, ఆపైన ఒక రైలు, దానికీ పైన ఇంకొక రైలు, మధ్యలో ఎస్కలేటర్ మొదటి మెట్టు మీద కాలు పెట్టడానికి జంకుతున్న తల్లి, అప్పటికే పైకి చేరిపోయిన కూతురు. ఇక్కడినుంచి పుస్తకంలో ఒక పద్ధతి మొదలవుతుంది. ఊరి పేజీలన్నీ అడ్డంగా సాగే వెడల్పు ప్యానెళ్లు. నగరం పేజీలన్నీ లిఫ్టు, ఫ్లైఓవర్ స్తంభం, మెట్ల వరుస వంటి నిలువు ప్యానెళ్లు. నగరంలో వెడల్పు ప్యానెల్ మళ్లీ ఎప్పుడు రావాలన్నది కథకు కీలకం. దానిని నాలుగో అధ్యాయం దాకా దాచి ఉంచుతున్నాను.

డబ్బులు లేని పదేళ్ల పిల్ల నగరం ఎలా తిరుగుతుందన్న చిక్కుముడిని కథలో నేను విప్పనవసరం లేకపోయింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ బాలికలకు, మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. ఈశ్వరి ఆ టికెట్లను పారేయకుండా ఒక అగ్గిపెట్టెలో దాచుకుంటుంది. ప్రతి అధ్యాయం మొదట్లో ఆ అగ్గిపెట్టె కొంచెం నిండుతూ కనిపిస్తుంది. ఆమె ఒంటరి ప్రయాణాల విషయంలో మాత్రం జాగ్రత్త పాటించాను. దూరపు బస్సు ఎక్కిన ప్రతిసారీ తల్లి గాని, అదే అపార్ట్‌మెంటులో ఇళ్లపని చేసే పెద్దమ్మ గాని వెంట ఉంటారు. ఒంటరి తిరుగుళ్లన్నీ కాలినడకన వెళ్లివచ్చేంత దూరంలోనే జరుగుతాయి.

జూన్ 12న బడులు తెరిచారు. బడి సన్నివేశం రెండు పేజీలే. ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు పాఠాలున్న పుస్తకాలు ఇస్తున్నారు. ఈశ్వరి తెలుగు పేజీ చదివి, ఇంగ్లీషు పేజీలో బొమ్మలు చూస్తుంది; ఆమె పక్కన కూర్చున్న బీహారీ పిల్ల రెండింటిలోనూ బొమ్మలే చూస్తుంది. వారిద్దరి స్నేహం అక్కడ మొదలవుతుంది. అంతకన్నా ఆ సన్నివేశాన్ని సాగదీయడం నాకు ఇష్టం లేదు.

జులై, బోనాల రోజులు

పెన్సిలు పని మూడో అధ్యాయానికి చేరింది. అక్షరాల కూర్పు దానితో సమానంగా నడుస్తోంది, ఎందుకంటే తెలుగులో బొమ్మ పూర్తయ్యాక బెలూన్ అతికిద్దామంటే కుదరదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. 'ఈశ్వరి' అన్న పేరులోనే వ ఒత్తు కిందికి దిగి, కింది పంక్తిలోని గుడిని తాకబోతుంది. అందుచేత పంక్తుల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పెడుతున్నాము. మూడు పంక్తుల మాటకు ఇంగ్లీషు కామిక్స్‌లో నాలుగైదు పంక్తులకు సరిపోయే చోటు కావాలి. పైగా మన క్రియలు పొడవు. 'వెళ్లిపోవాలనుకుంటున్నాను' అన్న ఒక్క మాట గుండ్రని బెలూన్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది. కనుక బెలూన్లను గుండ్రంగా కాక వెడల్పుగా, అంచులు కొద్దిగా నొక్కినట్టు గీస్తున్నాను. అవి ఆవిరి మీద ఉబ్బిన ఇడ్లీలను అడ్డంగా కోసినట్టు ఉన్నాయని నా సహాయకురాలు నవ్వింది. కాని పేజీలో చక్కగా కుదిరాయి.

ఈశ్వరి, ఆమె తల్లిదండ్రులు మాట్లాడేది పాలమూరు తెలుగు. "నాయినా, గీ ఇల్లు భూమి లోపటుందేంది?" అన్నది సెల్లారులో అడుగు పెట్టగానే ఆమె మొదటి మాట. ఇస్త్రీ బండి అబ్బాయి దక్కనీ మాట్లాడతాడు, ఆమె నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కుతుంటే "ఉప్పర్ నక్కో చడ్, గిర్ జాతీ!" (పైకి ఎక్కకు, పడిపోతావు) అని అరుస్తాడు. పుస్తకంలో ఆ మాటకు కింద అర్థం ఇవ్వలేదు. బొమ్మలో అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు, అదే చాలు. పైఅంతస్తుల వారి తెలుగులో ఇంగ్లీషు కలుస్తుంది. వ్యాఖ్యానపు పెట్టెలు మాత్రమే గ్రాంథికం కాని, మాండలికం కాని మామూలు రాత భాషలో ఉంటాయి. అవి కూడా పేజీకి ఒకటి మించకుండా చూస్తున్నాను.

ఫాంట్ల విషయంలో, వ్యాఖ్యానానికి మండలి, అధ్యాయాల శీర్షికలకు రామభద్ర వాడుతున్నాము. రెండూ స్వేచ్ఛగా వాడుకోదగిన యూనికోడ్ ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో కూర్చే అలవాటు ఉంది. అవి యూనికోడ్ కావు కనుక మన ఫైలు అక్కడ తెరిస్తే అక్షరాలు చెదురుతాయి. ఆ బాధ లేకుండా కూర్పు మొత్తం ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్‌గా ప్రెస్సుకు ఇవ్వాలని నిర్ణయించాము. ధ్వనులను మాత్రం బ్రష్‌తో చేతితోనే రాస్తున్నాను. నీళ్ల మోటారు 'గుర్‌ర్ర్', లిఫ్టు తలుపు 'ఠంగ్', సంపు మూత 'దభేల్': ఈ విషయంలో మన భాషకు కొదవ లేదు.

బోనాల ఊరేగింపు కోసం ఒకే ఒక ప్యానెల్ కేటాయించాను. నగరంలో అన్నీ పరాయివే అనుకుంటున్న పిల్లకు వీధి మలుపులో పోతరాజు ఎదురవుతాడు. ఊళ్లో మైసమ్మ దగ్గర తనకు తెలిసిన డప్పు దెబ్బే ఇక్కడా వినిపిస్తుంది.

ఆగస్టు, మొదటి వారం

మూడు అధ్యాయాల నలుపు–తెలుపు డమ్మీని, అంటే నమూనా ప్రతిని, పిల్లలకు ఇచ్చి చదివించాను. వారిలో ఇద్దరు పై అంతస్తుల పిల్లలు, ఒక అమ్మాయి మా వీధిలోనే ఒక వాచ్‌మన్ కుటుంబానికి చెందినది. పై అంతస్తుల పిల్లలకు నచ్చింది ట్యాంకు నిచ్చెన. మూడో పాఠకురాలు పుస్తకం అంతా చదివి, సెల్లారు గది బొమ్మ దగ్గరికి తిరిగి వచ్చి, "ఆంటీ, గీ రూము ఇంత చీకటిగ ఎందుకు గీసిన్రు? ఎండకాలంల బిల్డింగు మొత్తంల మాదే సల్లటి రూము. పై అంతస్తు అమ్మమ్మ మధ్యాహ్నం మా కాడికే వచ్చి పడుకుంటది" అన్నది. ఆ మాటతో ఆ అధ్యాయం వెలుగునీడల పథకం మొత్తం మారింది. ఇప్పుడు సెల్లారులో రెండు రకాల కాంతి ఉంది. ర్యాంపు మీదుగా వాలి వచ్చే పగటి వెలుగు గది గుమ్మం దాకా ఒక పలకలాగా పరుచుకుంటుంది; కార్లు నిలిపిన లోపలి భాగంలో ట్యూబ్‌లైట్ తెలుపు. అమ్మమ్మ పాత్ర కూడా అక్కడినుంచే పుట్టింది. ఆవిడ మాటలు తక్కువ, గురక ఎక్కువ.

మంజీర నీళ్లు రోజు విడిచి రోజు రావడం, తండ్రి వాల్వు తిప్పి సంపు నింపడం, నిండగానే మోటారు వేసి పై ట్యాంకుకు ఎక్కించడం అన్న క్రమాన్ని ఈ అధ్యాయంలో వివరంగా గీశాను. ఈశ్వరి పైపుకు చెవి ఆనించి ట్యాంకు నిండిందో లేదో చెప్పగలుగుతుంది. బావి దగ్గర నేర్చిన విద్య మొదటిసారి ఇక్కడ అక్కరకు వస్తుంది. తండ్రి ఆమెను మెచ్చుకోడు, మరునాటి నుంచి ఆమెనే అడుగుతాడు.

ఆగస్టు, చివరి వారం

నాలుగో అధ్యాయం రాళ్లది. నేను ఇంతకాలం దాచి ఉంచిన వెడల్పు ప్యానెల్ ఇక్కడ వస్తుంది. ఖాజాగూడ గుట్ట మీద దర్గా, గుడి రెండూ ఉన్నాయి. వాటి చుట్టూ ఏనుగులంతటి గుండ్లు ఒకదానిపై ఒకటి నిలబడి ఉంటాయి. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎవరో పేర్చినట్టున్న ఆ గుండ్లు నిజానికి ఒకే రాయి ముక్కలు. భూమి లోపల ఉన్నప్పుడే రాతిలో నిలువు, అడ్డం పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగి మూలలను మెల్లగా అరగదీసింది. పైనున్న మెత్తటి మట్టి వానలకు కొట్టుకుపోయాక గుండ్రని రాళ్లు ఎక్కడివక్కడే నిలిచి బయటపడ్డాయి. ఈ వివరణను ఎవరో పంతులుగారి నోట చెప్పించడం నాకు సమ్మతం కాలేదు. ఒకే చోటును, ఒకే కోణం నుంచి, నాలుగు పలుచటి ప్యానెళ్లలో కాలం మారుతున్నట్టు చూపించాను: పగుళ్లు, నీరు, మట్టి జారడం, చివరి ప్యానెల్‌లో ఆ గుండు మీద చెప్పులు విడిచి నిలబడిన ఈశ్వరి. పేజీ తిప్పితే రెండు పేజీల మేరకు అడ్డంగా పరుచుకున్న నగరం. పుస్తకంలో నగరం వెడల్పుగా కనిపించడం అదే మొదటిసారి, అది కూడా ఆమె తన కాళ్లతో ఎక్కి చేరుకున్న చోటునుంచి.

ఆ దృశ్యానికి కావలసిన ఫోటోలన్నీ కెమెరాను నడుము ఎత్తులో పట్టుకుని తీశాను. పెద్దవాళ్ల కంటి ఎత్తునుంచి గీస్తే గుట్ట చిన్నదైపోయి, వెనకున్న అద్దాల భవనాలే పేజీని ఆక్రమిస్తాయి. పదేళ్ల పిల్ల ఎత్తునుంచి చూస్తే రాయే పెద్దది, భవనాలు దాని భుజం మీదుగా తొంగిచూస్తాయి.

సెప్టెంబరు, నాలుగో వారం

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును గీయడం కోసం ఇన్నాళ్లు ఎదురుచూశాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నదికి ఎగువన జలాశయాలు కట్టే ఆలోచన చేశారు. ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరమంతా ఇప్పుడు గండిపేటకు షికారు వెళ్తుంది గాని, అది కట్టడానికి కారణమైన రాత్రిని తలుచుకునేవారు తక్కువ.

కథలో ఈశ్వరి అవ్వకు కంటి పరీక్ష. తల్లి చీటీల వరుసలో నిలబడి ఉండగా అవ్వను చెట్టు నీడన కూర్చోబెట్టి కాపలా ఉండటం ఈశ్వరి పని. నగరంలో ఆమెకు తారసపడిన మొదటి చింతచెట్టు ఇదే. సహజంగానే చేతులు దురద పెడతాయి. అక్కడ టీ అమ్మే ముసలాయన ఎక్కవద్దని కసరడు. ఎంతమంది ఎక్కారో చెప్తాడు. తర్వాతి రెండు పేజీల్లో ఒక్క బెలూన్ లేదు. రాత్రి, నీరు, కొమ్మలు, కొమ్మలను పట్టుకున్న చేతులు. ముఖాలు గీయలేదు. చదివే పిల్లల్లో ఎనిమిదేళ్ల వారూ ఉంటారు కనుక కొట్టుకుపోయిన వారిని చూపకుండా, నిలబడిన వారిని మాత్రమే చూపాలని నిశ్చయించుకున్నాను. ఆ చేతుల్లో ఒకదానికి గాజులు, ఒకదానికి తాయెత్తు, ఒకదానికి ఏమీ లేదు. ఈశ్వరి చెట్టెక్కదు, బెరడు మీద చెయ్యి వేసి, ఏ కొమ్మ నుంచి మొదలుపెట్టి ఉంటారో కళ్లతో లెక్క వేస్తుంది. పుస్తకంలో ఆమె ఎక్కగలిగీ ఎక్కని చోటు ఇదొక్కటే.

అక్టోబరు

ఐదో అధ్యాయం: వాన రాత్రి సెల్లారులోకి నీరు రావడం. హైదరాబాదులో నాలాలకు దిగువన ఉన్న వీధుల్లో ఇది ఏటా వినే వార్తే. ర్యాంపు మీదుగా నీరు జారే చప్పుడుకు మొదట మెలకువ వచ్చేది ఈశ్వరికి. ఆ చప్పుడు వాన చప్పుడు కాదని ఆమెకు తెలుసు. ఇక్కడ ఏ పని ఎవరు చేయాలన్నది చాలా ఆలోచించి పంచాను. లిఫ్టు నిలిచే గుంతలోకి నీరు చేరకముందే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయాలని, ఆ తర్వాత ఎవరూ దానిని వాడకూడదని లిఫ్టు మెకానిక్ ఒకరు వివరించారు. నీరు బోర్డు ఎత్తుకు రాకముందే మెయిన్ స్విచ్ ఆపాలి. ఈ రెండు పనులూ తండ్రివి. ఆయన పొడి గట్టు మీద నిలబడి ఉన్నప్పుడే ముగుస్తాయి. చదివే పిల్లలు నాయికను అనుకరిస్తారు కనుక ఈశ్వరి చేయి ఏ స్విచ్ మీదా పడకూడదు. ఆమె పని మెట్లు. చీకట్లో ఐదంతస్తులు ఎక్కుతూ, ప్రతి తలుపూ తడుతూ, లిఫ్టు వాడవద్దని, కార్లు తీయడానికి కిందికి రావద్దని చెప్తుంది. ఇప్పటిదాకా ఆమెను పేరు పెట్టి పిలవని వారు తలుపులు తెరుస్తారు. తల్లి, పై అంతస్తు అమ్మమ్మ కలిసి గదిలోని బియ్యం డబ్బా, టీవీ, పుస్తకాల సంచి మొదటి అంతస్తుకు చేర్చుతారు.

మరునాటి ఉదయం అపార్ట్‌మెంటువారు సభ పెట్టి ఆమెకు శాలువా కప్పే దృశ్యం స్క్రిప్టులో ఉండేది, తీసేశాను. దాని బదులు అసోసియేషన్ మీటింగులో సెల్లారు గదిని పైకి మార్చాలా వద్దా అని పెద్దవాళ్లు వాదించుకుంటుంటే, బయట వరండాలో పిల్లలందరూ తడిసిన సున్నా టికెట్లను బట్టల దండెం మీద క్లిప్పులతో ఆరబెడుతుంటారు. వాదన తేలదు. నాకు తెలిసినంతలో అలాంటి వాదనలు ఒక్క మీటింగులో తేలవు కూడా.

నవంబరు, రెండో వారం

మొదటి నాలుగు ఫారాలకు రంగులు పూర్తయ్యాయి. ప్రెస్సు నుంచి రెండు నమూనా కాగితాలు తెప్పించాను: 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు 130 గ్రాముల బరువు) మ్యాట్ ఆర్ట్ కాగితం, 100 జీఎస్ఎం మ్యాప్‌లిథో, అంటే పూత లేని కాగితం. ఆర్ట్ కాగితం మీద తురాయి ఎరుపు మెరిసిపోయింది. మ్యాప్‌లిథో మీద అదే ఎరుపు కాస్త ఇంకిపోయి, రాళ్ల పేజీలకు మాత్రం చక్కగా నప్పింది. ధర, బరువు, పిల్లలు లైటు కింద పెట్టి చదివేటప్పుడు కళ్లకు కొట్టే మెరుపు, అన్నీ చూసుకుని మ్యాప్‌లిథో వైపే మొగ్గాను. ఎరుపును ఆ కాగితానికి తగినట్టు మళ్లీ సరిచేయవలసి ఉంది.

అక్షరాల నలుపును నాలుగు రంగుల మిశ్రమంగా కాక ఒక్క నల్ల సిరాతోనే అచ్చు వేయాలని ఫైలులో అమర్చాము; నాలుగు రంగుల అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న ఒత్తులకు రంగు నీడలు వచ్చి చదవడం కష్టమవుతుంది. 1908 వరద రాత్రి పేజీల్లో మాత్రం, అక్షరాలే లేవు కనుక, నలుపు కింద కొంత నీలం కలిపి లోతు తెచ్చాము. ఆ రెండు పేజీలు పుస్తకం మధ్య కుట్టు దగ్గర కలుస్తాయి. బైండింగులో లోపలికి పోయే భాగంలో ఏ చెయ్యీ పడకుండా చెట్టు మానును నడిమికి జరిపాను.

మిగిలిన పని ఇది: ఐదో అధ్యాయం మెట్ల పేజీలకు రంగులు, కవరు బొమ్మ, లోపలి అట్ట మీద ఈశ్వరి చేతిరాతతో నగరపు పటం. ఆ పటంలో ఆమె నడిచిన చోట్లు, బస్సులో వెళ్లిన చోట్లు మాత్రమే ఉంటాయి. హైటెక్ సిటీ ఒక గీతంత, ఖాజాగూడ గుట్ట అరపేజీ అంత. డిసెంబరులో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు ప్రతులు సిద్ధం కావాలంటే చివరి రెండు ఫారాలు నెలాఖరులోగా ప్రెస్సుకు వెళ్లాలి. ఐదంతస్తుల మెట్లలో మూడింటికి ఈ రాత్రే రంగులు పూర్తిచేసి పంపుతానని నా సహాయకురాలు చెప్పింది. కవరు మీద ఈశ్వరి గుండు ఎక్కుతూ ఉండాలా, దిగుతూ ఉండాలా అన్నది ఇంకా మా ఇద్దరి మధ్య తెగలేదు.